రాస్‌బెర్రీ పై బోర్డుకు ఫ్యాన్: వైరు దగ్గర నుంచి కాన్ఫిగ్ ఫైలు దాకా

"ఫ్యాన్ తగిలించాను, తిరగడం లేదు. చెడిపోయినది అంటగట్టారా?" రాస్‌బెర్రీ పై (అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు బోర్డు) వాడేవాళ్లు ఎండలు ముదిరే కొద్దీ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. తిరగని ఫ్యాన్ వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు: కరెంటు అందకపోవడం, తిరగమనే సంకేతం అందకపోవడం, తిరగాల్సినంత వేడి ఇంకా పుట్టకపోవడం. మూడోది అసలు లోపమే కాదు. కానీ దాన్ని లోపం అనుకుని ఫ్యాన్ మార్చేసిన వాళ్లను చూశాను.

మూడింటినీ ఒకేసారి కెలికితే ఆదివారం కాస్తా అందులోనే పోతుంది. ఒక్కొక్కటే తేల్చుకుంటూ వెళ్తే గంట పని. కింది క్రమం ఆ లెక్కలోనే రాశాను. మీ దగ్గర ఆ బోర్డు నాలుగో మోడల్ (పై-4) గానీ అయిదో మోడల్ (పై-5) గానీ ఉందని, అందులో రాస్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్ లేదా ఆ తర్వాతి వెర్షన్ నడుస్తోందని అనుకుని చెబుతున్నాను.

ఆదేశాల గురించి ముందే ఒక మాట. ఇక్కడ వాటిని తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైపు చేయండి. పలికినట్టు రాయడం కుదరని చోట అక్షరాలు విడదీసి చెప్పాను. పదాల మధ్య అడుగున గీత ఉన్న చోట అదే పెట్టాలి, మామూలు అడ్డగీత ఉన్న చోట అదే పెట్టాలి. ఈ రెండూ తారుమారైతే ఫైలు ఏమీ అనదు, ఫ్యాన్ కూడా ఏమీ చేయదు.

## 1. ముందు జ్వరం చూడండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇప్పుడు బోర్డు ఎంత వేడిగా ఉందో రాసుకోండి. ఇది లేకపోతే ఫ్యాన్ పెట్టాక ఎంత మేలు జరిగిందో చెప్పలేరు.

వీసీజెన్‌సీఎమ్‌డీ మెజర్_టెంప్

మొదటి పదం వీ, సీ, జీ, ఈ, ఎన్, సీ, ఎమ్, డీ అనే ఎనిమిది అక్షరాలు. జవాబుగా డిగ్రీలు వస్తాయి. అనుమతి లేదన్నట్టు ఏదైనా ఫిర్యాదు వస్తే మీ యూజరు 'వీడియో' అనే గ్రూపులో లేడని అర్థం. ఆదేశానికి ముందు సుడో (అధికారి హోదాతో నడిపించే పదం) పెట్టి నడపండి.

తర్వాత ఇది:

వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్_థ్రాటిల్డ్

దీనికి 0ఎక్స్ అని మొదలయ్యే ఒక సంఖ్య వస్తుంది. 0ఎక్స్0 అయితే అంతా కులాసా. వేరే ఏదైనా వస్తే రెండు చోట్ల చూడండి. చిట్టచివరి అంకె ఇప్పటి పరిస్థితి. కుడి నుంచి అయిదో అంకె బోర్డు ఆన్ చేసిన దగ్గర నుంచి ఎప్పుడైనా జరిగిన సంగతి. రెండు చోట్లా లెక్క ఒకటే:

- 1: వోల్టేజీ చాలడం లేదు
- 2: ప్రాసెసర్ వేగానికి పరిమితి పడింది
- 4: వేగాన్ని తగ్గించేశారు
- 8: ఉష్ణోగ్రత మొదటి హద్దు తాకింది

ఒకటి కంటే ఎక్కువ ఉంటే కూడిక వస్తుంది. ఉదాహరణకు 50005 వస్తే 5 అంటే 1, 4 కలిపి: వోల్టేజీ పడిపోయింది, దాంతో వేగం తగ్గింది, ఇప్పుడూ అలాగే ఉంది. ఇది వేడి సమస్య కాదు, అడాప్టరు సమస్య. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా తీరదు. పైగా ఫ్యాన్ కూడా అదే అడాప్టరు మీద పడి తింటుంది. పై-4కు 5 వోల్టులు 3 ఆంపియర్లు, పై-5కు 5 వోల్టులు 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు పెట్టి, ఆ తర్వాతే ముందుకు రండి. పాత ఫోను చార్జరుతో నెట్టుకొస్తున్న వాళ్లు ఇక్కడే ఆగాలి.

వేడి హద్దులు కూడా గుర్తుంచుకోండి. పై-4, పై-5 రెండూ 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి, 85 దగ్గర గట్టిగా తగ్గించుకుంటాయి. బోర్డు కాలిపోదు, నెమ్మదిస్తుంది. కెమెరా రికార్డింగు నడిచే బోర్డు మధ్యాహ్నం రెండింటికి ఎందుకు తడబడుతోందో చాలాసార్లు ఇదే చెబుతుంది.

## 2. బోర్డు ఏది, ఫ్యాన్ ఏది

పై-5 మీద ఫ్యాన్ కోసమే నాలుగు పిన్నుల చిన్న సాకెట్టు ఉంది. నలభై పిన్నుల వరుసకు, యూఎస్‌బీ సాకెట్లకు మధ్య మూలన ఉంటుంది. పై-4 మీద అలాంటిది లేదు. ఆ నలభై పిన్నుల్లోంచే కరెంటు, సంకేతం రెండూ తీసుకోవాలి.

ఇక ఫ్యాన్ వైర్లు లెక్కపెట్టండి.

రెండు వైర్లు (ఎరుపు, నలుపు): కరెంటు ఇస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. అంతకు మించి తెలివి లేదు. సంత సరుకులో ఎక్కువగా దొరికేది ఇదే.

మూడు వైర్లు: ఇక్కడే మోసపోతాం. పై-4 అధికారిక కేసుతో వాడే ఫ్యాన్‌లో మూడో వైరు నీలం. అది బోర్డు నుంచి ఫ్యాన్‌కు ఆజ్ఞ తీసుకెళ్తుంది. కంప్యూటరు క్యాబినెట్లలో వాడే మూడు వైర్ల ఫ్యాన్‌లో మూడోది సాధారణంగా పసుపు. అది ఎన్ని చుట్లు తిరుగుతున్నానో ఫ్యాన్ బోర్డుకు చెప్పే వైరు. ఆజ్ఞ ఇచ్చే పిన్‌కు దాన్ని కలిపితే ఏమీ జరగదు. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

నాలుగు వైర్లు: కరెంటు, గ్రౌండ్, వేగపు ఆజ్ఞ, చుట్ల లెక్క. పై-5 సాకెట్టుకు సరిపోయేవి ఇవే. కనెక్టరు మాత్రం 1 మిల్లీమీటరు ఎడంతో ఉండే చిన్న జేఎస్‌టీ రకమై ఉండాలి. క్యాబినెట్ ఫ్యాన్ కనెక్టరు దీనిలో పట్టదు.

చివరగా ఫ్యాన్ వెనక స్టిక్కరు చదవండి. 5 వోల్టులు అని ఉండాలి. 12 వోల్టుల ఫ్యాన్ 5 వోల్టుల మీద నీరసంగా తిరుగుతుంది, లేదా మొదలే కాదు. పక్కనే ఆంపియర్లు ఉంటాయి, ఆ అంకె రాసుకోండి. అయిదో అంచెలో అవసరం పడుతుంది.

## 3. బల్ల మీద ఉండాల్సినవి

- హీట్‌సింక్, అంటే చిప్ వేడిని లాగే రెక్కల లోహపు ముక్క (ఫ్యాన్ ఒక్కటే పెట్టి సరిపెట్టకండి, వట్టి చిప్ మీద గాలి కంటే హీట్‌సింక్ రెక్కల మధ్య గాలి ఎంతో నయం)
- చిన్న స్టార్ స్క్రూడ్రైవరు
- మల్టీమీటరు ఉంటే మంచిది
- ఒక అగరొత్తి, అగ్గిపెట్టె
- పై-4కు రెండు వైర్ల ఫ్యాన్ అయితే: 2222 రకం లేదా ఎస్8050 ట్రాన్సిస్టర్, 470 ఓముల రెసిస్టర్, 1ఎన్4007 డయోడ్

చివరి మూడూ కలిపి చాయ్ ఖర్చుకే వస్తాయి. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో విడిగా ఇస్తారు. అయిదేసి తెచ్చుకోండి, ఒకటి కాలితే మళ్లీ ఊరంతా తిరగనక్కర్లేదు.

పని మొదలుపెట్టే ముందు షట్‌డౌన్ చేసి, అడాప్టరు వైరు బోర్డు నుంచి పీకేయండి. స్విచ్ ఆపాను కదా అని ఊరుకోకండి. 5 వోల్టుల వైరు జారి ఏ జీపీఐఓ పిన్‌కు (బోర్డు సంకేతాలు పంపే, అందుకునే పిన్) తగిలినా ఆ పిన్‌తోపాటు ప్రాసెసర్ కూడా పోవచ్చు.

## 4. పై-5: దాదాపు అంతా అదే చూసుకుంటుంది

4.1 అమరిక. అధికారిక యాక్టివ్ కూలర్ (హీట్‌సింక్, ఫ్యాన్ కలిసి ఉన్నది) అయితే కింద ఉన్న థర్మల్ ప్యాడ్ల మీద పొర ఉందేమో చూసి తీసేయండి. పొర ఉంచేసి బిగించిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది, వేడి మాత్రం దిగడం లేదు. అరగంట తల గోక్కున్నాక తెలిసింది. రెండు స్ప్రింగు పిన్నులను బోర్డు రంధ్రాల మీద సరిగ్గా నిలిపి, రెండింటినీ దాదాపు ఒకేసారి నొక్కండి. టక్కుమని శబ్దం వస్తుంది. ఒకసారి బిగించాక మళ్లీ ఊడదీయకండి. ప్లాస్టిక్ పిన్నులు, ప్యాడ్లు రెండూ పాడవుతాయి. కాబట్టి కేసులో ఇముడుతుందో లేదో ముందే చూసుకోవాలి.

4.2 కనెక్టరు. సాకెట్టు మీద చిన్న మూత ఉంటే తీసేయండి. కనెక్టరు ఒకే వైపుగా పడుతుంది. బలవంతం చేయాల్సి వస్తోందంటే తిరగేసి పెట్టారన్నమాట. వైర్లను కాకుండా కనెక్టరు ఒంటినే పట్టుకుని నొక్కండి.

4.3 బూట్ సమయంలో గమనించండి. ఆన్ చేయగానే ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. అది వేడి వల్ల కాదు. బోర్డు ఫ్యాన్‌ను తిప్పి చూసి, చుట్ల లెక్క వైరు నుంచి జవాబు వస్తే 'ఫ్యాన్ ఉంది' అని రాసుకుంటుంది. తర్వాత ఆగిపోతుంది. ఆ తొలి తిరుగుడు కనిపించిందంటే కరెంటు, ఆజ్ఞ రెండూ అందుతున్నాయి. మీ పని మూడొంతులు అయినట్టే.

4.4 మామూలు మెట్లు. ఫ్యాక్టరీ లెక్క ఇది: 50 డిగ్రీల లోపు ఆగి ఉంటుంది, 50 దగ్గర 30 శాతం వేగం, 60 దగ్గర 50 శాతం, 67.5 దగ్గర 70 శాతం, 75 దగ్గర పూర్తి వేగం. దిగేటప్పుడు ప్రతి మెట్టుకు 5 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. అంటే 50కి మొదలైన ఫ్యాన్ 45కు దిగాకే ఆగుతుంది.

4.5 చేత్తో తిప్పి చూడటం. వేడెక్కేదాకా ఆగకుండా వెంటనే పరీక్షించాలంటే:

పిన్‌సీటీఆర్‌ఎల్ ఫ్యాన్_పీడబ్ల్యూఎమ్ ఓపీ డీఎల్

మొదటి పదం పీ, ఐ, ఎన్, సీ, టీ, ఆర్, ఎల్. రెండో పదం మాత్రం పెద్ద అక్షరాల్లో. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది. చివరి డీఎల్ బదులు డీహెచ్ పెడితే ఆగుతుంది. తక్కువ సంకేతానికి తిరగడం, ఎక్కువ సంకేతానికి ఆగడం వింతగా ఉన్నా ఈ బోర్డులో సంకేతం తలకిందులుగానే ఉంటుంది. పరీక్ష అయ్యాక తప్పనిసరిగా దీన్ని నడపండి:

పిన్‌సీటీఆర్‌ఎల్ ఫ్యాన్_పీడబ్ల్యూఎమ్ ఏ0

ఇది మరిచిపోతే పగ్గాలు బోర్డు చేతికి తిరిగి వెళ్లవు. రీబూట్ చేసేదాకా ఫ్యాన్ మీరు వదిలిన స్థితిలోనే ఉండిపోతుంది.

4.6 ఎన్ని చుట్లు? ఈ ఆదేశం నిమిషానికి చుట్ల సంఖ్య చెబుతుంది:

క్యాట్ /సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్/హెచ్‌డబ్ల్యూమాన్*/ఫ్యాన్1_ఇన్‌పుట్

ఫోల్డరు పేరు హెచ్, డబ్ల్యూ, ఎమ్, ఓ, ఎన్. ఫ్యాన్ తిరుగుతూ ఉండగా సున్నా వస్తే చుట్ల లెక్క వైరు అందడం లేదు. మెట్టు ఎంతలో ఉందో చూడాలంటే:

క్యాట్ /సిస్/క్లాస్/థర్మల్/కూలింగ్_డివైస్0/కర్_స్టేట్

(చివరి ముక్క సీ, యూ, ఆర్, కింది గీత, స్టేట్.) 0 అంటే ఆగి ఉంది, 4 అంటే పూర్తి వేగం.

చుట్ల లెక్క చెప్పని ఫ్యాన్ కొన్నారా? బోర్డు దాన్ని గుర్తించదు. అప్పుడు కాన్ఫిగ్ ఫైలులో (ఎలా తెరవాలో ఆరో అంచెలో ఉంది) ఈ ఒక్క వరుస చేర్చి రీబూట్ చేయండి:

డీటీపారామ్=కూలింగ్_ఫ్యాన్=ఆన్

(పారామ్ అంటే పీ, ఏ, ఆర్, ఏ, ఎమ్.)

## 5. పై-4: ఇక్కడ కాస్త చేతిపని ఉంది

5.1 పిన్నులు లెక్కపెట్టడం. బోర్డును నలభై పిన్నుల వరుస పైన, యూఎస్‌బీ సాకెట్లు కుడి వైపు ఉండేలా పెట్టండి. బోర్డు అంచుకు దగ్గరగా ఉన్న వరుసలో ఎడమ నుంచి 2, 4, 6, 8 సంఖ్యల పిన్నులు వస్తాయి. 2, 4 అంటే 5 వోల్టులు. 6 గ్రౌండ్. 8 అంటే జీపీఐఓ 14. పిన్ సంఖ్య వేరు, జీపీఐఓ సంఖ్య వేరు. ఎనిమిదో పిన్‌కు తగిలించి ఫైలులో 8 అని రాసేవాళ్లు ఎంతోమంది. ఫైలులో రాయాల్సింది 14.

5.2 వట్టి కరెంటుతో పరీక్ష. ఫ్యాన్ ఎరుపు వైరు 4కు, నలుపు 6కు. ఆన్ చేయండి. రెండు వైర్ల ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరగకపోతే ఇంకే ఆదేశమూ వద్దు. ఫ్యాన్ చెడిపోయి ఉండాలి, వైరు ఊడి ఉండాలి, లేదా రెక్కకు ఏదో అడ్డం తగులుతూ ఉండాలి. నీలం వైరు ఉన్న ఫ్యాన్ ఈ పరీక్షలో తిరగకపోవచ్చు. దాన్ని 5.3కు తీసుకెళ్లండి.

ఆగకుండా తిరిగినా పరవాలేదనుకుంటే రెండు వైర్ల ఫ్యాన్‌ను ఇలాగే వదిలేయవచ్చు. అందులో తప్పేమీ లేదు. రాత్రి మంచం పక్కన ఉండే బోర్డు అయితే మాత్రం మీకే తెలుస్తుంది.

5.3 నీలం వైరు ఉన్న అధికారిక ఫ్యాన్. ఎరుపు 4, నలుపు 6, నీలం 8. ట్రాన్సిస్టర్ అక్కర్లేదు. 5.5కు వెళ్లండి.

5.4 రెండు వైర్ల ఫ్యాన్‌ను అదుపులో పెట్టడం. నలుపు వైరును నేరుగా జీపీఐఓ పిన్‌కు కలపకూడదు. ఒక్కో పిన్ భరించగలిగేది గరిష్ఠంగా 16 మిల్లీఆంపియర్లు. చిన్న ఫ్యాన్ కూడా అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. స్టిక్కరు మీద 0.15 ఆంపియర్లు అని ఉంటే 150 మిల్లీఆంపియర్లన్నమాట. అందుకే మధ్యలో ట్రాన్సిస్టర్ కావాలి. ఇంట్లో పడి ఉండే బీసీ547 పనికిరాదు, దాని పరిమితి 100 మిల్లీఆంపియర్లే.

కలపాల్సిన వరుస:

- ఫ్యాన్ ఎరుపు → పిన్ 4
- ఫ్యాన్ నలుపు → ట్రాన్సిస్టర్ కలెక్టర్
- ఎమిటర్ → పిన్ 6
- బేస్ → 470 ఓముల రెసిస్టర్ → పిన్ 8
- డయోడ్ ఫ్యాన్ రెండు వైర్ల మధ్య; గీత ఉన్న కొన ఎరుపు వైపు

డయోడ్ ఎందుకంటే, ఫ్యాన్ ఆగే క్షణంలో అందులోని తీగచుట్ట ఒక్క పోటు వోల్టేజీని వెనక్కి తంతుంది. ఆ తన్ను ట్రాన్సిస్టర్ మీద పడకుండా ఇది దారి మళ్లిస్తుంది. తిరగేసి పెడితే 5 వోల్టులు దాని గుండానే పారతాయి, కాబట్టి గీత ఎటు ఉందో రెండుసార్లు చూడండి.

ఇక ట్రాన్సిస్టర్ కాళ్లు. చదును వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టి చూస్తే పీఎన్2222ఏలో ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. పీ2ఎన్2222ఏలో సరిగ్గా దీనికి తలకిందులు: కలెక్టర్, బేస్, ఎమిటర్. పేరులో తేడా ఒక్క 2. ఒక రాత్రంతా నన్ను తిప్పలు పెట్టింది ఆ అంకే. సంకేతం ఇచ్చినప్పుడల్లా రెక్క ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయేది. తిరగేసిన ట్రాన్సిస్టర్ పూర్తిగా మొండికేయదు, కొద్దిగా పనిచేస్తుంది. అందుకే అనుమానం ఫైలు మీదికి, అడాప్టరు మీదికి పోయింది గానీ దాని మీదికి పోలేదు. మీ ఫ్యాన్ కూడా అలా ఉలిక్కిపడుతుంటే ముందు ట్రాన్సిస్టర్‌ను తిప్పి పెట్టి చూడండి.

సంకేతం పరీక్ష:

పిన్‌సీటీఆర్‌ఎల్ సెట్ 14 ఓపీ డీహెచ్

తిరగాలి. డీఎల్ పెడితే ఆగాలి. ఇక్కడ సంకేతం సూటిగానే ఉంటుంది, పై-5లోలా తలకిందులు కాదు.

5.5 పగ్గాలు బోర్డుకు అప్పగించడం. సుడో రాస్పి-కాన్ఫిగ్ అని కొట్టండి. మెనూలో పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్, అందులో ఫ్యాన్. అవును అనండి. జీపీఐఓ సంఖ్య 14 అని అదే చూపిస్తుంది. ఉష్ణోగ్రత అడిగినప్పుడు మాత్రం అది చూపే 80ని ఒప్పుకోకండి. బోర్డు వేగం తగ్గించుకునే హద్దే 80 అయినప్పుడు అప్పుడు ఫ్యాన్ మొదలై ఏం లాభం? 60 అని పెట్టి, రీబూట్ చేయండి.

మెనూ చేసేదల్లా కాన్ఫిగ్ ఫైలులో ఈ వరుస రాయడమే:

డీటీఓవర్‌లే=జీపీఐఓ-ఫ్యాన్,జీపీఐఓపిన్=14,టెంప్=60000

60000 అంటే 60 డిగ్రీలే. ఇక్కడ లెక్క డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఉంటుంది. 60 అని రాస్తే డిగ్రీలో ఆరు శాతం అవుతుంది, ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు.

## 6. ఎంత వేడికి తిరగాలి?

ఫ్యాక్టరీ అంకెలు చల్లని గదుల్లో బాగుంటాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గదిలో గాలే 38, 40 డిగ్రీలు ఉంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా చిప్‌ను గది కంటే చల్లగా చేయలేదు. ఖాళీగా ఉన్న బోర్డు కూడా 50 చుట్టూ తచ్చాడుతుంది. అప్పుడు రెండు రకాల తంటా వస్తుంది.

పై-5లో ఫ్యాన్ 50కి మొదలై, 45కు దిగాక ఆగి, రెండు నిమిషాల్లో మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగి ఆగి వచ్చే గుర్రు నిలకడైన శబ్దం కంటే చిరాకు. పై-4లో అయితే 60కి మొదలైన ఫ్యాన్ 10 డిగ్రీలు తగ్గి 50కి దిగితేనే ఆగుతుంది. ఎండాకాలం 50కి దిగే అవకాశమే లేకపోతే ఇక ఆగడం అంటూ ఉండదు.

అందుకే అంకెలను గదిని బట్టి పెట్టుకోవాలని నా అభిప్రాయం. మధ్యాహ్నం మూడింటికి, బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఫ్యాన్ లేకుండా ఎంత ఉందో చూడండి. దానికి 5 నుంచి 8 డిగ్రీలు కలిపి మొదటి మెట్టు పెట్టండి. పై మెట్టు ఏదీ 78 దాటకూడదు.

కాన్ఫిగ్ ఫైలు తెరవడానికి:

సుడో నానో /బూట్/ఫర్మ్‌వేర్/కాన్ఫిగ్.టీఎక్స్‌టీ

పై-5కు నేను ఎండాకాలం వాడే అంకెలు:

డీటీపారామ్=ఫ్యాన్_టెంప్0=58000
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్0_హెచ్‌వైఎస్‌టీ=5000
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్0_స్పీడ్=90
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్1=66000
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్1_స్పీడ్=140
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్2=72000
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్2_స్పీడ్=200
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్3=77000
డీటీపారామ్=ఫ్యాన్_టెంప్3_స్పీడ్=255

హెచ్‌వైఎస్‌టీ అంటే ఫ్యాన్ ఆగడానికి ఎన్ని డిగ్రీలు దిగాలో ఆ తేడా. వేగం 0 నుంచి 255 దాకా. అధికారిక ఫ్యాన్‌కు మొదటి మెట్టులో 75 సరిపోతుంది. వేరే రకాలు అంత తక్కువలో కదలకుండా మూలుగుతూ ఉంటే ఆ అంకెను పదేసి చొప్పున పెంచండి.

పై-4లో ఫ్యాన్ ఆగాల్సిన హద్దును దగ్గరికి తేవాలంటే వరుస చివర ఇది చేర్చండి: ,హెచ్‌వైఎస్‌టీ=6000. అప్పుడు 60కి మొదలై 54కు ఆగుతుంది.

## 7. అసలు పరీక్ష

ముందు గాలి ఎటు వెళ్తోందో చూడండి. అగరొత్తి వెలిగించి ఫ్యాన్‌కు జానెడు దూరంలో పట్టుకోండి. పొగ హీట్‌సింక్ వైపు తోసుకుపోవాలి. సాధారణంగా స్టిక్కరు ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది, కాబట్టి స్టిక్కరు హీట్‌సింక్ వైపు ఉండాలి. ఫ్రేము అంచున చిన్న బాణం గుర్తు ఉంటే అదే చెబుతుంది. కేసు మూసి మరోసారి పొగ పెట్టండి. ఎక్కడి నుంచీ పొగ బయటికి రాకపోతే వేడిగాలి లోపలే గిరికీలు కొడుతోందన్నమాట. కేసుకు రంధ్రాలు లేకపోతే మూత తీసి వాడటమే మేలు.

తర్వాత బోర్డును పరుగెత్తించండి:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ స్ట్రెస్-ఎన్‌జీ
స్ట్రెస్-ఎన్‌జీ --సీపీయూ 4 --టైమ్‌అవుట్ 600ఎస్

ఇది పది నిమిషాలు నాలుగు కోర్లనూ పూర్తిగా పని చేయిస్తుంది. ఇంకో టెర్మినల్‌లో:

వాచ్ -ఎన్ 2 వీసీజెన్‌సీఎమ్‌డీ మెజర్_టెంప్

రాసుకోవాల్సినవి:

- ఫ్యాన్ ఎన్ని డిగ్రీలకు మొదలైంది
- అయిదో నిమిషంలో ఎంత, పదో నిమిషంలో ఎంత (రెండూ దాదాపు ఒకటే అయితే నిలదొక్కుకున్నట్టు)
- పరీక్ష అయ్యాక ఎంతసేపటికి ఆగింది
- చివర్లో గెట్_థ్రాటిల్డ్ జవాబు ఇంకా 0ఎక్స్0 గానే ఉందా

ఈ పరీక్ష ఉదయం ఏసీ గదిలో చేసి గెలిచానంటే ఒప్పుకోను. బోర్డు ఎక్కడ ఉండబోతోందో అక్కడే, మధ్యాహ్నం పూట చేయండి.

## 8. అయినా దారికి రాకపోతే

ఫైలు మార్చాను, ఏ మార్పూ లేదు. పాత పద్ధతిలో /బూట్/కాన్ఫిగ్.టీఎక్స్‌టీ తెరిచారేమో చూడండి. బుక్‌వార్మ్ నుంచి అసలు ఫైలు ఫర్మ్‌వేర్ ఫోల్డరులోకి మారింది. పాత చోట ఉన్నది 'ఇక్కడ మార్చకండి' అని చెప్పే కాగితం ముక్క మాత్రమే.

సరైన ఫైలే, సరైన వరుసే, అయినా లేదు. ఆ వరుసకు పైన చదరపు బ్రాకెట్లలో ఏముందో చూడండి. [సీఎమ్4] అని ఉంటే దాని కింద రాసినదంతా కంప్యూట్ మాడ్యూల్ 4 అనే వేరే బోర్డుకు మాత్రమే వర్తిస్తుంది. ఫైలు చిట్టచివర [ఆల్] అనే వరుస కింద మీ వరుసలు పెట్టండి. సమానం గుర్తుకు, కామాకు అటూ ఇటూ ఖాళీ వదలకండి.

పై-4లో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంది. జీపీఐఓ 14 సీరియల్ కన్సోల్ (వేరే కంప్యూటరు నుంచి వైరుతో బోర్డును నడిపే దారి) వాడే పిన్ కూడా. ఖాళీగా ఉన్న సీరియల్ లైను ఎగువ స్థాయిలోనే ఉంటుంది, దాన్ని ఫ్యాన్ 'తిరుగు' అని అర్థం చేసుకుంటుంది. రాస్పి-కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్‌కు వెళ్లి సీరియల్ పోర్టు ఆపేయండి. అది మీకు కావాలంటే వైరును 12వ పిన్‌కు మార్చి, ఫైలులో 14 బదులు 18 రాయండి.

పై-5లో బూట్‌లో తిరిగింది, తర్వాత ఎంత వేడెక్కినా లేదు. కర్_స్టేట్ చూడండి. అది 2, 3 చూపిస్తున్నా ఫ్యాన్ ఆగి ఉంటే ఏదైనా సొంత స్క్రిప్టు లేదా ముందు చేసిన పిన్‌సీటీఆర్‌ఎల్ పరీక్ష పగ్గాలు వదల్లేదు. ఏ0 ఆదేశం ఇవ్వండి. కర్_స్టేట్ ఫైలే లేదని వస్తే బూట్‌లోడర్‌ను (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామును) సుడో ఆర్‌పీఐ-ఈఈప్రామ్-అప్‌డేట్ -ఏ తో తాజా చేసి రీబూట్ చేయండి.

ఫ్యాన్ తిరుగుతోంది, వేడి తగ్గడం లేదు. ప్యాడ్ మీద పొర. హీట్‌సింక్ ఒక మూల లేచి ఉండటం. గాలి తిరగబడి వెళ్లడం. ఈ మూడూ చూశాకే వేరే ఆలోచన.

టకటక శబ్దం. నూటికి తొంభై సార్లు ఏదో వైరు రెక్కకు తగులుతోంది. దారంతో కట్టి పక్కకు లాగండి.

## 9. మూడు నెలలకోసారి

షట్‌డౌన్ చేసి, అడాప్టరు పీకి, మెత్తటి బ్రష్షుతో హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము తీయండి. గాలి పంపుతో ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి. లేకపోతే అది తన వేగానికి మించి గిర్రున తిరిగి బేరింగు అరిగిపోతుంది. పని అయ్యాక ఏడో అంచెలోని పది నిమిషాల పరీక్ష మళ్లీ చేసి, మొదట రాసుకున్న అంకెల పక్కన ఈ అంకెలు రాయండి. రోజులో అదే వేళ, దాదాపు అదే ఎండలో చేసిన పరీక్షలో 4, 5 డిగ్రీలు ఎక్కువ వస్తే దుమ్ము ఇంకా ఎక్కడో మిగిలి ఉంది, లేదా ఫ్యాన్ నెమ్మదించింది. పై-5 అయితే ఫ్యాన్1_ఇన్‌పుట్ చూస్తే ఏదో తెలిసిపోతుంది. పై-4లో చెవి పెట్టి వినాల్సిందే.